వెనక నిలబడే మనిషి

పోయిన వారం మిమ్మల్ని ఓపల్ గారి గేటు ముందు, ఇంజనైనా ఆపకుండా వదిలేసి వెళ్ళిపోయాను. అక్కణ్ణించే అందుకుంటాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు. నా పేరు రోవీనా, ఇంట్లో పిలుపు రో. మా ఆయన థర్మన్, ఒకప్పుడు కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం. నేను ముప్పై ఏళ్ళు బడి వంటగదిలో గరిటె తిప్పినదాన్ని. పదకొండేళ్ళుగా మాకు ఇల్లంటే ముప్పై నాలుగడుగుల ఆర్వీ. మంచం, పొయ్యి, స్నానాల గది, అన్నీ చక్రాల మీదే. ఆయన నడుపుతాడు, నేను వండుతాను. నా మోకాళ్ళు ఇంక ఆ మూడు మెట్లు ఎక్కలేమని మొరాయిస్తుంటే, నేల మీద కట్టిన ఇల్లొకటి కొనమని ఏడాదిగా ఆయన ప్రాణం తోడేస్తున్నాను. సరేనన్నాడు, కానీ ఇంటి పక్కన బండి పట్టే చోటుండాలన్నాడు. చోటు బాలేదు, చోటు బాలేదంటూ ఆరిళ్ళు వద్దన్నాడు. ఏడోది ఇది. ఆరిజోనాలో పడమటి వైపు ఎడారి. సాల్ట్ వెల్స్ అనే ఊరికి పద్నాలుగు మైళ్ళు అవతల రెండు గదుల ఇల్లు, పక్కన ఎత్తైన రేకుల షెడ్డు, ఫోటోల్లోనే చూశాం. ధర కుదిరింది. శుక్రవారం సంతకాలు.

అయితే ఇంటావిడ ఓపల్ ఒక మెలిక పెట్టింది. "సంతకాలకి ముందు మీ బండి తెచ్చి నా షెడ్డులో పెట్టి చూపించండి. పట్టలేదని ఆఖరి రోజున వెనక్కి పోయినవాళ్ళు ఇద్దరయ్యారు. మూడోసారి ఆ భాగోతం చూసే ఓపిక నాకు లేదు." అందులో తప్పేముంది అనుకున్నాను.

అలా బుధవారం పొద్దున్నే ఆవిడ గేటు ముందు ఉన్నాం.

గేటు బార్లా తెరిచే ఉంది. షెడ్డు ఆ చివర నీళ్ళ ట్యాంకు. దాని పక్కన నీడలో ఓపల్ కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మధ్య చేతికర్ర పెట్టుకుని కూర్చుని ఉంది. మెట్టు మీద గాజు సీసాలో టీ ఎండకి నానుతోంది. ఎనభై రెండేళ్ళ మనిషి, మగవాళ్ళ చొక్కా, మగవాళ్ళ టోపీ.

"లేవలేదని ఏమీ అనుకోకండి" అంది. "లేవడానికి పావుగంట, మళ్ళీ కూలబడడానికి పావుగంట. ఎవరి ప్రాణమైనా పోతోందంటే తప్ప లేవనని ఈ తుంటికి మాటిచ్చేశాను."

నేను పకపకా నవ్వాను. థర్మన్ నవ్వలేదు. షెడ్డు చివరికేసి చూస్తున్నాడు.

"అమ్మా, ఫోటోలో వెనక గేటుంది కదా. అదేది?"

"ఉండేది నాయనా. రెండేళ్ళ కిందట అక్కడ ట్యాంకు పెట్టించాను. నీళ్ళ లారీవాడికి అటువైపే వీలు."

"అయితే ముందు నుంచి దూరి వెనక నుంచి పోవడం కుదరదన్నమాట."

"అందరిలాగే రివర్సులో పెట్టుకోవాలి. ఏం, రాదా?"

నాకు ఒళ్ళు మండింది. ఎవర్ని అడుగుతోంది ఈవిడ? కొండల మీద వంకర టింకర క్యాంపుల్లో, చెట్ల మధ్య, చీకట్లో, వానలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ బండ్లు కూడా సరదాకి రివర్సులో పెట్టి ఇచ్చే మనిషి మా ఆయన. "మీరు టీ తాగుతూ చూడండి, గ్లాసు ఖాళీ అయ్యేలోపు పెట్టేస్తాడు" అన్నాను గొప్పగా.

ఇక్కడ మా జనం సంగతి కొంచెం చెప్పాలి. సాయంత్రం క్యాంపులోకి కొత్త బండి వస్తోందంటే చాలు, చుట్టుపక్కల అందరూ కుర్చీలు లాక్కుని బయటికొచ్చేస్తారు. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్ళాం వెనకాల నిలబడి సైగలు. అంతకన్నా మంచి వినోదం ఎడారిలో దొరకదు. ఆమె కుడి అంటుంది, ఆయన ఎడమకి తిప్పుతాడు, ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోరు. ఎన్ని కాపురాల లోతు నేను ఆ పావుగంటలో కొలిచానో లెక్కలేదు. మాది మాత్రం ఎప్పుడూ తమాషా కాలేదు. రెండు అరచేతులూ నా వైపు ఊపితే రమ్మని. ఒక చెయ్యి చాస్తే అటు తిప్పమని. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టానా, ఆగమని. వీటన్నిటికీ పైన ఒక నియమం ఉంది, ఈ బతుకులోకొచ్చిన మొదటి రోజే అందరూ నేర్చుకునేది: అద్దంలో వెనక మనిషి కనబడకపోతే బండి ఆగాలి. ఆ మనిషి ఏ చక్రం కింద ఉందో నీకు తెలియదు కనక.

అయితే వసంతం నుంచీ ఆయన సైగలు వద్దంటున్నాడు. "ఫోన్లో చెప్పు రో, చేతులెందుకు ఊపుతావు, నీ భుజం నొప్పి కదా" అని. నా భుజం మీద ఎంత ప్రేమో అని మురిసిపోయాను కూడా.

ఫోను తీసి చూస్తే ఇక్కడ సిగ్నలు ఒక్క గీత కూడా లేదు.

"పాత పద్ధతే కానీ" అన్నాను చేతులు దులుపుకుంటూ. థర్మన్ కదల్లేదు. తాళాల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"రేపొద్దున వద్దామా?"

"రేపైతే షెడ్డు వెడల్పవుతుందా ఏంటి? ఎక్కు ఎక్కు. ముసలావిడ ముందు నా పరువు తియ్యకు."

ఈ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఎక్కాడు. బండి ముందుకి తీసి, మూతి తూర్పుకి తిప్పి, షెడ్డుకి వరసగా నిలబెట్టాడు. అంతవరకూ వెన్నలా వెళ్ళింది. నేను వెనకాల ఎడమ పక్కన, ట్యాంకు ముందు నిలబడ్డాను. రమ్మని చేతులు ఊపాను. వచ్చాడు. షెడ్డు మొదటి స్తంభం దాటింది. వెనక భాగం మెల్లగా నా వైపు జరుగుతోంది, కుడికి తిప్పమని చెయ్యి చాచాను. తిప్పలేదు. మళ్ళీ చాచాను. అలాగే వస్తున్నాడు. నెమ్మదిగానే వస్తున్నాడు, కానీ ఆగట్లేదు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి ఎగిరాను. అరిచాను. ఆ డీజిలింజను హోరులో నా గొంతు నాకే వినబడలేదు. బండి వెనక నిచ్చెన నా ముఖానికి మూరెడు దూరంలోకి వచ్చేసింది. పక్కకి దూకేశాను. కంకర మీద రెండు అరచేతులూ, మోకాళ్ళూ దోక్కుపోయాయి.

అప్పుడు ఢామ్మని మోగింది. ఓపల్ కూర్చున్న చోటి నుంచే చేతికర్ర ఎత్తి ట్యాంకుని బాదింది. సగం ఖాళీ ట్యాంకేమో, ఆ మోతకి పిట్టలన్నీ పొదల్లోంచి లేచిపోయాయి. బండి ఆగింది.

బండికీ ట్యాంకుకీ మధ్య నా నాలుగు వేళ్ళు పట్టేంత సందుంది.

నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. లేచి వెళ్ళి తలుపు మీద దబదబా బాదాను. "కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా? చేతులు విరిగేలా ఊపుతుంటే కనబడదా? చచ్చేదాన్ని తెలుసా!"

థర్మన్ దిగాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. నా అరచేతులు పట్టుకుని, "ఎండ... అద్దంలో ఎండ పడింది రో" అన్నాడు.

"సూర్యుడు నీ ముందున్నాడు నాయనా" అంది ఓపల్. "అద్దం వెనక్కి చూస్తుంది."

ఆవిడ పక్కనున్న పీట మీంచి ఏదో తీసి పైకెత్తింది.

"నా చేతిలో ఏముందో చెప్పు."

థర్మన్ ఆవిడకేసి చూశాడు. ఆ తర్వాత తల కాస్త ఎడమకి తిప్పి, ఆవిడ భుజం అవతల గోడనేదో చూస్తున్నట్టు చూశాడు.

"గ్లాసు" అన్నాడు.

"గ్లాసే. కానీ కోడిలా పక్కకి తిరిగి చూస్తే గానీ తెలియలేదు. ఎన్నాళ్ళయింది?"

నేను ఆవిడ మీద విరుచుకుపడబోయాను. మా ఆయన్ని కోడి అనడానికి ఈవిడెవరు? నోరు తెరిచేలోపు థర్మన్ అన్నాడు, ఎక్కడో నేలకేసి చూస్తూ:

"మార్చి నుంచి."

మార్చి. బండి మెట్టు మీద కూలబడ్డాను. ఇల్లు కావాలని నేను పోరు ముదిర్చింది మార్చిలోనే. అప్పటి నుంచీ ఈ మనిషి నా ముఖం చూసి మాట్లాడడం మానేశాడు. అన్నం తినేటప్పుడు నా చెవి పక్కన గోడకేసి చూస్తూ తినేవాడు. ఏమైనా అడిగితే నా భుజానికి జవాబు చెప్పేవాడు. తన రోడ్డు నేను లాగేసుకుంటున్నానని కడుపులో పెట్టుకున్నాడు, నేనంటే విరక్తి పుట్టింది, అనుకున్నాను. ఎనిమిది నెలలు రోజూ రాత్రి అదే తలుచుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

"నా మొహం చూడట్లేదని..." అన్నాను.

ఆయన నా ముందు కంకర మీద చతికిలబడ్డాడు. "ఎదురుగా చూస్తే నువ్వు ఉండవు రో. నడిమధ్యలో బూడిదరంగు మచ్చ. పక్కకి చూస్తేనే నీ జుట్టూ, చెవులూ, నీ నవ్వు ఒక చివరా కనబడతాయి. నిన్ను చూడాలంటే నిన్ను చూడకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను, కొత్త టైర్లు చూసొస్తానని చెప్పి. ఎడమ కన్ను మధ్య భాగం పోయిందన్నాడు. కుడి కన్ను కూడా మొదలైందన్నాడు. పూర్తిగా గుడ్డివాణ్ణి కానట. పక్కలు మిగులుతాయట."

జాలి పొంగుకొచ్చింది. మరుక్షణమే ఇంకోటి గుర్తొచ్చి ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది.

"నిన్న ఆ కొండ దారి దిగావు. పక్కన లోయ. ముందూ వెనకా పెద్ద పెద్ద లారీలు. నేను పక్క సీట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను!"

"రోడ్డంచు తెల్లగీత కనబడుతుంది. లారీ అంత పెద్దది కనబడకుండా పోదు..."

"చిన్నవి? చిన్నపిల్ల అడ్డం వస్తే? నన్ను చంపితే చంపావు, ఎవరి పిల్లల్నో చంపేసి ఉండేవాడివి థర్మన్!"

"తెలుసు."

"తెలిసీ నడిపావా! నాతో చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"చెబితే తాళాలు లాక్కుంటావు."

"లాక్కునేదాన్నే!"

"లాక్కుని ఏం చేస్తావు?" అన్నాడు. అరవలేదు, చాలా మెల్లగా అన్నాడు, అదే నన్ను చంపేసింది. "నీకు నడపడం రాదు. బండి ఎక్కడుంటే అక్కడే, ఏ డీజిలు బంకు వెనకో, ఎవరి గోడ పక్కనో ఆగిపోతాం. నీకేమో ఇల్లు కావాలి. ఇల్లు దొరికేదాకా ఎలాగోలా లాగి, దాని పక్కన పెట్టేసి, అప్పుడు చెబుదామనుకున్నాను. ముందుకి పోనివ్వడం ఎలాగో చేసుకొస్తున్నాను. రివర్సు మాత్రం నా వల్ల కాదు. ఆ ఆరిళ్ళూ రివర్సులో పెట్టాల్సినవే. ఈ ఒక్క ఫోటోలోనే వెనక గేటు కనబడింది."

ఆరిళ్ళ మీద ఆరు నెలలు నేనన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మొండివాడివనీ, నా చావు దాకా రోడ్డు మీదే తిప్పుతావనీ, ఇంకా చాలా. అవన్నీ నోరు మెదపకుండా పడ్డాడు. దొంగ మనిషి. చెంప పగలగొట్టాలనిపించింది, అదే చెంప ఒళ్ళో పెట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఓపల్ చూస్తోంది.

"అయితే ఈ ఇల్లు మీకు అమ్మను" అంది ఓపల్.

ఇద్దరం తల తిప్పాం.

"ఓపల్ గారూ, ధర కుదిరింది" అన్నాను. "బయానా ఇచ్చాం. ట్యాంకుకి గీత కూడా పడలేదు."

"ట్యాంకు సంగతి ఎవరడిగారమ్మాయ్? ఇది ఎనిమిది నెలల ఇల్లు. అక్టోబరు నుంచి మే దాకా స్వర్గం. జూన్ వస్తే చల్లనీళ్ళ కుళాయి తిప్పినా చెయ్యి కాలుతుంది. అందుకే ఇక్కడ ప్రతి ఇంటి పక్కనా బండికో షెడ్డు, ఊరేగడానికి కాదు. ఎండలు ముదరగానే బండెక్కి కొండ మీద దేవదారు చెట్ల కిందికి పోతాం, సెప్టెంబరులో దిగొస్తాం. మీకు ఆ బండిని కదిపే మనిషే లేనప్పుడు ఈ ఇల్లు అమ్మితే, మీకు అమ్మినట్టు కాదు, పాతిపెట్టినట్టు."

"కారొకటి కొనుక్కుంటాం. కారు నాకొచ్చు."

"కారులో పోయి నాలుగు నెలలు ఎక్కడుంటావు? హోటల్లోనా? అంత డబ్బే ఉంటే పద్నాలుగు మైళ్ళు లోపల నా ఇల్లెందుకు చూస్తావు?"

ఓపల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. తెల్ల జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయి ఉంది. టోపీ లేకపోతే ఎంత చిన్న మనిషో.

"ఇది వెర్లిన్‌ది" అంది టోపీ అంచు సవరిస్తూ. "మా ఆయన. ఏప్రిల్లో కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఇరవై రెండేళ్ళు ప్రతి వేసవికీ ఆయనే నడిపాడు, నేను వెనక నిలబడి చేతులు ఊపాను. నీలాగే. ఆ ఏడాది బండి ఈ షెడ్డులోనే ఉండిపోయింది. సరే, కూలరుంది కదా, ఒక్క వేసవి ఓర్చుకుందాం అనుకున్నాం. జూలైలో గాలిదుమారానికి కరెంటు స్తంభాలు పడ్డాయి. కూలరు ఆగిపోయింది. బండిలో జనరేటరు వేద్దామంటే ఎలుకలు దాని తీగలన్నీ కొరికేసి పెట్టాయి. ఫోను సంగతి ఇప్పుడే చూశావు. పొరుగువాడు వేసవికి కొండెక్కేశాడు."

టోపీని ఒళ్ళో బోర్లించి మళ్ళీ అందుకుంది.

"రెండో రోజు తాళాలు తీసుకుని సీట్లో కూర్చున్నాను. ఒక్క తిప్పుకి స్టార్టయింది. ఈ గుమ్మం దాకా తెస్తే చాలు, ఆయన్ని దుప్పటి మీద లాక్కొచ్చి ఎక్కిద్దామనుకున్నాను. గేరు మీద చెయ్యి కూడా వేశాను. అదిగో, ఆ స్తంభం కనబడింది. దానికి గీరుకుంటే వెర్లిన్ ఏమంటాడో అనుకున్నాను. బండికి గీత పడుతుందని భయపడ్డానమ్మాయ్. ఇంజను ఆపేసి దిగి వచ్చేశాను. మూడో రోజు నీళ్ళ లారీ వచ్చింది. అప్పటికి ఆయన నుదుటి మీద తడిగుడ్డ మార్చాల్సిన పని కూడా అయిపోయింది."

టీ సీసా మీద ఈగ వాలింది. ఎవరూ తోలలేదు. థర్మన్ తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అందుకని చెప్తున్నాను" అంది ఓపల్, గొంతు మళ్ళీ మామూలు చేసుకుని. "శుక్రవారం సంతకం చేస్తాను. కానీ ఆ బండి నువ్వు పెట్టాలి. ఆయన కాదు. నీ చేతులతో నువ్వు. పెట్టగలిగితే ఇల్లు నీది. లేదంటే మీ బయానా మీరు తీసుకుపొండి, నాకు పాపం వద్దు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపుకి బదులు. రెండో ఏట ఒక్కసారి ఆ స్టీరింగు పట్టుకున్నాను. డీజిలు బంకులో పసుపుపచ్చ స్తంభానికి రాసుకుంది. ఆయన అరిచాడు, నేను అలిగాను, ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే ఇద్దరికీ అదే హాయిగా ఉండింది. ఆయనకి సీటు ఆయనదే. తప్పు జరిగితే నాకు సంబంధం లేదు. పదకొండేళ్ళు అలా గడిచిపోయాయి. నడపడం రాదు రాదంటూ వచ్చాను గానీ, ఎన్నడైనా నేర్చుకుందామనుకున్నానా?

"ఆమె వల్ల కాదమ్మా" అన్నాడు థర్మన్. తిట్టినట్టు కాదు, నన్ను కాపాడుతున్నట్టు. "పన్నెండు టన్నులు..."

"నా వల్ల కాదని నువ్వెలా చెప్తావు?" అన్నాను. "నా వల్ల ఏమవుతుందో కాదో చూడ్డానికి నీకు కళ్ళున్నాయా?"

అనేసి నాలిక్కరుచుకున్నాను. థర్మన్ ఒక్క క్షణం బిత్తరపోయాడు. ఆ తర్వాత నవ్వాడు, భుజాలు కదిలేలా. మార్చి తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి. ఓపల్ కూడా కర్ర నేలకేసి కొట్టి నవ్వింది.

నవ్వు ఆగాక తాళాల గుత్తి నా అరచేతిలో పెట్టాడు. దోక్కుపోయిన చోట మండింది. దానికి ఉద్యోగం రోజుల నాటి ఇత్తడి బిళ్ళ వేలాడుతుంటుంది, అంకెలన్నీ అరిగిపోయి. ఆ గుత్తి వేరేవాళ్ళ చేతికివ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"సీటు ముందుకి లాక్కో" అన్నాడు. "అద్దాలు నీ ఎత్తుకి తిప్పుకో. యాక్సిలరేటరు ముట్టుకోకు, బ్రేకు మీంచి కాలు కాస్త వదిలితే చాలు, బండే నడుస్తుంది. వెనక్కి పోయేటప్పుడు నువ్వు ఎటు పోవాలనుకుంటావో దానికి..."

"వెనక నిలబడి పదకొండేళ్ళు చూశాను. నాకు తెలుసు."

"సరే. నేను వెనక ఉంటాను."

"నీకు కనబడుతుందా?"

"బండి కొండంత ఉంది. పక్కకి చూస్తూ నిలబడితే అంచులు రెండూ కనబడతాయి. స్తంభాన్ని చేత్తో తడుముకుంటాను. నేను అద్దంలో లేకపోతే..."

"ఆగాలి. నాకు చెప్తావా ఆ మాట?"

సీటు లివరు ఎంత లాగినా రాలేదు. పదకొండేళ్ళు ఒకే చోట ఉండి బిగుసుకుపోయింది. రెండు కాళ్ళూ తన్నిపట్టి లాగితే కిర్రుమని ముందుకొచ్చింది. అద్దాలు తిప్పుకున్నాను. ముందు అద్దంలోంచి చూస్తే ఎడారి ఇంత పెద్దదా అనిపించింది. పక్క సీట్లోంచి చూసిన ఎడారి కాదు ఇది.

ముందుకి తీశాను. మూతి తూర్పుకి సరిచేశాను. రివర్సు గేరు వేశాను. చెమటకి స్టీరింగు జారుతోంది. ఎడమ అద్దంలో థర్మన్, కుడి అద్దంలో దూరంగా కుర్చీలో ఓపల్. బ్రేకు వదిలాను.

థర్మన్ తల ఒక పక్కకి వాల్చి, రెండు అరచేతులూ తన వైపు ఊపుతున్నాడు. రా, రా. అది నా ఊపే. మణికట్టు దగ్గర కాస్త ఆగి మళ్ళీ ఊపడం, నా అలవాటు. పదకొండేళ్ళు అద్దంలో నన్నే చూసి ఆయన నేర్చుకున్నాడు. ఎడమకి చెయ్యి చాచాడు, తిప్పాను. చాలన్నాడు, ఆపాను. మొదటి స్తంభం కిటికీ పక్కనుంచి మెల్లగా వెళ్ళిపోయింది. గీరుకోలేదు. సగం బండి నీడలోకి వచ్చేసింది. గట్టిగా అరవాలనిపించింది. మా ఇల్లు, నా వంటగది, నేల మీద నిలబడి పప్పు వండుకునే పొయ్యి, ఇంకో పదిహేనడుగుల దూరంలో ఉన్నాయి.

కుడి పక్క ఎలా ఉందో చూద్దామని ఒక్కసారి ఆ అద్దంలోకి చూశాను. బాగానే ఉంది. జానెడు ఖాళీ. మళ్ళీ ఎడమకి చూశాను.

థర్మన్ లేడు.

బ్రేకు మీద రెండు కాళ్ళూ వేసి తొక్కాను. బండి ఊగి ఆగింది. వెనకాల అరలోంచి గిన్నేదో దొర్లి కింద పడింది. "థర్మన్!" కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. ఇంజను హోరు తప్ప ఏమీ లేదు. స్తంభం ఉంది, ట్యాంకు ఉంది, కంకర మీద ఆయన టోపీ ఉంది.

కుడి అద్దంలోకి చూశాను. ఓపల్ కర్ర పక్కన పారేసి, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని లేచి నిలబడుతోంది.